ఉప్పు, పంచదార, ఒక మార్కు

"ఉప్పు వేణ్ణీళ్ళలో ఎక్కువ కరుగుతుందా, చన్నీళ్ళలోనా?" ఈ ప్రశ్న ఎవర్నైనా అడిగి చూడండి. మా ఆఫీసు క్యాంటీన్లో నేను అడిగాను. టేబుల్ చుట్టూ ఉన్నది ఆరుగురం. అందులో ఇద్దరు ఎంటెక్‌లు, ఒకాయనకి ఎంసెట్లో మూడంకెల ర్యాంకు (ఆ సంగతి ఆయనే వారానికోసారి గుర్తు చేస్తుంటాడు లెండి). అందరూ ఒకే గొంతుతో "వేణ్ణీళ్ళలోనే, అదేం ప్రశ్న?" అన్నారు. సరే, ఎంత ఎక్కువ అంటే ఒకరు రెట్టింపన్నారు, ఇంకొకరు ఒకటిన్నర రెట్లుంటుందన్నారు. ర్యాంకాయన మాత్రం "అది టెంపరేచర్ని బట్టి ఉంటుంది బాస్" అని తప్పించుకున్నాడు.

అసలు లెక్క ఇదీ. 20 డిగ్రీల దగ్గర 100 గ్రాముల నీళ్ళలో సుమారు 36 గ్రాముల ఉప్పు కరుగుతుంది. అవే నీళ్ళని సలసలా కాచి 100 డిగ్రీలకి తీసుకెళ్తే 39 చిల్లర. అంతే! ఎనభై డిగ్రీలు వేడెక్కించి, బోలెడు గ్యాసు తగలేసినందుకు మనకి దక్కింది మూడు గ్రాములు, అనగా అర చెంచాడు. అదే పంచదారైతే 20 డిగ్రీల దగ్గర సుమారు 200 గ్రాములు, 100 డిగ్రీల దగ్గర 480 పైచిలుకు. రెండూ వంటింట్లో పక్కపక్క డబ్బాల్లో ఉండేవే. చూడ్డానికి రెండూ తెల్లగానే ఉంటాయి. వేడి చేస్తే మాత్రం దేని దారి దానిదే.

మరి ఇంతమంది చదువుకున్నవాళ్ళు ఉప్పు రెట్టింపు కరుగుతుందని ఎందుకు నమ్ముతున్నారు? నాకు తోచిన కారణాలు రెండు. ఒకటి, వేణ్ణీళ్ళలో ఉప్పు తొందరగా కరుగుతుంది. అది మనందరం కళ్ళారా చూసిందే, నిజమే. కానీ తొందరగా కరగడం వేరు, ఎక్కువ కరగడం వేరు. నెట్ స్పీడు పెరిగినంత మాత్రాన హార్డ్ డిస్కు పెద్దదైపోదు కదా! ఇహ రెండోది, చిన్నప్పుడు బట్టీ పట్టిన ఒక వాక్యం: 'ఉష్ణోగ్రత పెరిగితే ద్రావణీయత పెరుగుతుంది'. ఒక ముక్కలో ఉంది, రాసుకోవడానికి బావుంది, మార్కు వస్తుంది. ఉప్పు పేరు అందులో లేదు, పంచదార పేరూ లేదు. ఏ పదార్థానికి, ఎంత, ఎప్పుడు అన్నది ఎవరూ అడగరు.

నిజానికి పుస్తకాలని తిట్టడానికి కూడా లేదు. 2006లో వచ్చిన ఎన్‌సీఈఆర్‌టీ తొమ్మిదో తరగతి సైన్సు పుస్తకంలో నాలుగు లవణాలకి అయిదు ఉష్ణోగ్రతల దగ్గర ద్రావణీయత పట్టిక ఇచ్చారు. అందులో ఉప్పు వరస చదివితే 36, 36, 36, 37, 37. దాని పైవరసలో పొటాషియం నైట్రేటు 21 దగ్గర మొదలై 167కి పోతుంది. ఇంతకన్నా స్పష్టంగా ఎవరు చెప్తారు? కాకపోతే ఆ పట్టిక పాఠం చివర అభ్యాసాల్లో ఉంది. అభ్యాసాల సంగతి తెలిసిందేగా, గైడులో జవాబులుంటాయి.

ఇంతకీ నాకీ గొడవంతా ఎందుకొచ్చిందంటే, 2021లో వర్క్ ఫ్రమ్ హోం పుణ్యమా అని కొన్నాళ్ళు మా ఊళ్ళో ఉన్నాను. భీమవరం పక్కన, చుట్టూ చేపల చెరువులు, మధ్యలో ఊరు. ఆగస్టులో బళ్ళు తెరిచారు. మా ఊరి హైస్కూల్లో సైన్సు మాస్టారు ఇంటర్లో నా క్లాస్‌మేటే. ఓ సాయంత్రం టీ కొట్టు దగ్గర కనపడి "ఒరేయ్, శనివారం నీకు సెలవే కదా, ఇంట్లో కూర్చుని ఏం చేస్తావు, తొమ్మిదో తరగతికి వచ్చి ఏదో ఒకటి చెప్పు. పిల్లలు ఏడాదిన్నరగా బడి మొహం సరిగ్గా చూళ్ళేదు" అన్నాడు. కంప్యూటర్ గురించి చెప్పమంటాడనుకున్నాను. "కంప్యూటర్లున్నాయిరా, కరెంటుంటే పని చేస్తాయి. నువ్వు ద్రావణాలు చెప్పు, నాకో నాలుగు పీరియడ్లు కలిసొస్తాయి" అన్నాడు. అలా కుదిరింది బేరం.

మొదటి అడ్డంకి మాటల దగ్గరే వచ్చింది. ద్రావణం, ద్రావణి, ద్రావితం, ద్రావణీయత. నాలుగూ ఒకే చెట్టు కొమ్మలు. వరసగా నాలుగుసార్లు చెప్తే చెప్పేవాడికే నాలుక మడతపడుతుంది, ఇక వినేవాళ్ళ సంగతి చెప్పాలా? ఇంగ్లీషు మీడియం పిల్లలకీ ఇదే అవస్థ అనుకోండి, అక్కడా మాటలన్నీ కవలపిల్లల్లాగే ఉంటాయి. నేను బోర్డు మీద పానకం గ్లాసు బొమ్మ వేసి, కరిగించేది నీళ్ళు, కరిగేది బెల్లం, వచ్చింది పానకం, గ్లాసెడు నీళ్ళు ఎంత బెల్లం పడతాయన్నదే ద్రావణీయత అన్నాను. వెనక బెంచీలోంచి ఒకడు "పట్టడం అంటే ఆగిపోవడమాండి?" అన్నాడు. భలే ప్రశ్న. ఇంకా పట్టనని నీళ్ళు మొండికేసిన స్థితికే సంతృప్త ద్రావణం అని పేరు. సంతృప్తి అనే మాట వాళ్ళకి తెలుసు. విస్తరి ముందు కూర్చుని 'ఇంక చాలు' అని చెయ్యి అడ్డం పెట్టడమే కదా. ఆ తర్వాత మాటలతో పేచీ రాలేదు.

రెండో శనివారం ప్రయోగం. నేను పట్టుకెళ్ళినవి: మూడొందల పెట్టి కొన్న డిజిటల్ తూకం, నాలుగు కిలోల ఉప్పు, ఇంట్లోంచి ఒక పిక్నిక్ స్టవ్. బళ్ళో ఉన్నవి: రెండు థర్మామీటర్లు, కొలజాడీలు, మధ్యాహ్న భోజనం స్టీలు గ్లాసులు. ఒక చిన్న సంగతి, ఎవరికైనా పనికొస్తుందని చెప్తున్నాను. ప్యాకెట్ ఉప్పుతో ఈ ప్రయోగం చేస్తే నీళ్ళు కాస్త తెల్లగా, పొగ కమ్మినట్టు ఉంటాయి. ఉప్పు గడ్డకట్టకుండా కలిపే పొడి అది, ఉప్పంత తేలిగ్గా కరగదు. పిల్లలు దాన్ని చూసి 'ఇంకా కరగలేదు' అని రాసేస్తారు. కల్లుప్పు దంచి వాడితే మట్టీ మశానం అడుక్కి దిగుతాయి గానీ పైన నీళ్ళు తేటగా ఉంటాయి.

ఎనిమిది జట్లు చేశాం. ప్రతి జట్టూ 100 మిల్లీలీటర్ల నీళ్ళు తీసుకుని, ఉప్పు రెండేసి గ్రాములు తూచి వేస్తూ, కలుపుతూ, ఎక్కడ ఆగితే అక్కడ రాసుకోవాలి. మామూలు నీళ్ళు 29 డిగ్రీలున్నాయి. రీడింగులు 34, 36, 36, 38 ఇలా వచ్చాయి. మంచి రీడింగులు. తర్వాత 70 డిగ్రీల నీళ్ళతో మళ్ళీ మొదలు. ఇక్కడే తమాషా. ఒక జట్టు 52 అని రాసింది. ఇంకో జట్టు 48. మరోటి ఏకంగా 60. మిగతా జట్లవి 36, 38. తూకం దగ్గర నిలబడి వేసిన ఉప్పంతా నేనే చూస్తున్నాను, ఎవరికీ 40 దాటి ఇవ్వలేదు! మరి 60 ఎక్కణ్ణించి వచ్చింది?

60 రాసిన జట్టు నాయకుడు ఏమాత్రం తడబడకుండా చెప్పాడు: "వేడి చేస్తే పెరగాలి కదండీ. మాకు పెరగలేదండి. అందుకని పెంచామండి."

నాకు నవ్వాగలేదు. వాడి తప్పేముంది? ఇంటర్ ప్రాక్టికల్స్ ఎలా జరుగుతాయో చూసిన ప్రతివాడికీ తెలుసు. లోలకం ఊపి గురుత్వ త్వరణం కనుక్కోమంటే 980 దగ్గర్నుంచి వెనక్కి లెక్కకట్టి రీడింగులు రాసే విద్య మన కాలేజీల్లో రెండేళ్ళూ నడుస్తుంది. ముందు జవాబు, తర్వాత కొలత. పదిహేనేళ్ళ తర్వాత ఆ కుర్రాళ్ళే మన పక్క క్యూబికల్లో కూర్చుని లోడ్ టెస్ట్ రిపోర్టు రాస్తారు. రెస్పాన్స్ టైము రెండు సెకన్లలోపు ఉండాలని కాంట్రాక్టులో ఉంది కాబట్టి ప్రతి గడిలోనూ 1.8, 1.9 కనిపిస్తాయి. అలాంటి రిపోర్టులు నేను రివ్యూ చేసినవే ఉన్నాయి. ఒక్క గడిలో కూడా రెండు దాటని సిస్టం ఈ భూమ్మీద ఎక్కడైనా ఉందా చెప్పండి?

కానీ నన్ను ఆలోచనలో పడేసింది ఆ కుర్రాడు కాదు. కిటికీ పక్క జట్టులో ఒక అమ్మాయి. చన్నీళ్ళలో 36, వేణ్ణీళ్ళలో 38 అని శుభ్రంగా రాసుకుంది. చుట్టూ 52లు, 60లు వినపడేసరికి రబ్బరు తీసి 38 మీద పెట్టింది. "ఎందుకమ్మా తుడుస్తున్నావు?" అంటే "మాది తప్పొచ్చిందండి" అంది. మళ్ళీ చేసి చూద్దామన్నాను. రెండోసారి 37 వచ్చింది. మూడోసారి ఆ అరవై రాసిన కుర్రాణ్ణే పిలిచి ఆ అమ్మాయి ఎదురుగా చేయించాం. 38. వాడు గ్లాసుని కాసేపు చూసి, "అయితే ఉప్పుకి వేడంటే లెక్కలేదండి" అన్నాడు. ఆ ముక్క ఏ పుస్తకంలోనూ చూళ్ళేదు గానీ నాకైతే తెగ నచ్చింది.

మా వాడు (మాస్టారు) వెనక నిలబడి ఇదంతా చూస్తున్నాడు. బయటికొచ్చాక "బానే ఉందిరా, కానీ ఒక్క ఉప్పు మీదే గంటన్నర పెట్టావు. నాకు నలభై అయిదు నిమిషాల్లో నలభై మందికి ఇదీ, దీని తర్వాత కొల్లాయిడ్లూ అయిపోవాలి" అన్నాడు. వాడన్నదాంట్లో అబద్ధం లేదు. నాలా శనివారం షోకు రావడం వేరు, ఏడాది పొడుగునా బండి లాగడం వేరు.

మూడో శనివారం పంచదార. ఇది పెద్ద హడావిడి. 100 మిల్లీలీటర్ల నీళ్ళలో 200 గ్రాముల పంచదార పోస్తే సగం దాటేసరికే గ్లాసు నిండిపోతోంది, ఎందుకంటే కరిగిన పంచదార ఎక్కడికీ పోదు, చోటు ఆక్రమిస్తుంది. మొత్తం కరిగేసరికి ద్రావణం 220 మిల్లీలీటర్ల పైన తేలింది. 'కరిగిపోవడం' అన్న మాటలో 'పోవడం' ఉంది కదా, అందుకేనేమో పిల్లలు అది మాయమైపోతుందనే అనుకుంటారు. తూకం మీద పెట్టి చూపిస్తే 100కి 200 కలిపి సరిగ్గా 300. 70 డిగ్రీల దగ్గర 300 గ్రాముల పంచదార వేసినా మింగేసింది. ఆ రోజు కొలతలు ఎవరూ పెంచి రాయలేదు, ఆ అవసరం రాలేదు.

అప్పుడు అసలు ప్రశ్న అడిగాను. సముద్రపు నీళ్ళ నుంచి ఉప్పు ఎలా తీస్తారు? నౌపడలోనూ, చినగంజాంలోనూ మడులు కట్టి ఎండబెడతారు. పటికబెల్లం ఎలా చేస్తారు? చిక్కటి వేడి పాకంలో దారాలు వేలాడదీసి మెల్లగా చల్లారనిస్తారు. ఉప్పుని కూడా అలా చల్లార్చి తీయొచ్చుగా, ఎందుకు తీయరు? క్లాసంతా నిశ్శబ్దం. ఆ కిటికీ పక్కమ్మాయే చెప్పింది: "చల్లారిస్తే రెండు గ్రాములే వస్తుందండి." వారం కిందటి 38 నుంచి 36 తీసేసిందన్నమాట. రబ్బరుతో తుడిచేసి ఉంటే ఈ జవాబు వచ్చేది కాదు.

ఈ తేడా మీద పూర్వం పెద్ద వ్యాపారమే నడిచింది. బీహారులో నోనియాలనే వాళ్ళు మట్టిలోంచి సురేకారం తీసేవారు. దాంట్లో మామూలు ఉప్పు కలిసి ఉంటుంది. రెంటినీ ఎలా విడదీయాలి? నీళ్ళలో కరిగించి బాగా మరిగిస్తే నీరు తగ్గేకొద్దీ ఉప్పు వేడిలోనే అడుక్కి దిగిపోతుంది, ఎందుకంటే వేడి దానికి పెద్ద సాయమేమీ చెయ్యదు. సురేకారం మాత్రం వేణ్ణీళ్ళలో హాయిగా కరిగి ఉంటుంది. పైనీళ్ళు తీసి చల్లారిస్తే సురేకారం పేరుకుంటుంది. 0 డిగ్రీల దగ్గర 100 గ్రాముల నీళ్ళకి 13 గ్రాములే పట్టే ఆ పదార్థం 100 డిగ్రీల దగ్గర 240 దాటి పడుతుంది మరి. ఈస్టిండియా కంపెనీ పట్నా నుంచి ఓడలకెత్తి పట్టుకెళ్ళిన తుపాకిమందు సరుకు ఇదే. ద్రావణీయత వక్రరేఖ అన్న పేరు వాళ్ళెవరికీ తెలియదు, పని మాత్రం తెలుసు.

సురేకారం మన ఎరువుల కొట్లో దొరుకుతుందన్న సంగతి మా వాడే చెప్పాడు. 13-0-45 అని ప్యాకెట్ మీద ఉంటుంది, పొటాషియం నైట్రేటే. కిలో తెచ్చాం. ఓ పిల్లాడు స్టీలు గ్లాసులో కలుపుతూ ఉలిక్కిపడి చెయ్యి తీసేశాడు. గ్లాసు చల్లబడి బయట చెమట పట్టింది. యూరియా డ్రమ్ములో కలిపేటప్పుడు కూడా ఇలాగే జిల్లుమంటుందని నలుగురైదుగురు ఒకేసారి అరిచారు. అక్బరు కాలంలో తాగే నీళ్ళని సురేకారంతో చల్లబరిచేవారని అబుల్ ఫజల్ రాశాడు (నీళ్ళలో కలపడం కాదు, నీళ్ళ పాత్రని ఆ ద్రావణంలో తిప్పడం). కరగడానికి అది చుట్టూ ఉన్న వేడిని లాక్కుంటోంది. ఒక మోల్ సురేకారం సుమారు 35 కిలోజౌళ్ళు లాక్కుంటే, ఉప్పు నాలుగు కిలోజౌళ్ళతో సరిపెట్టుకుంటుంది. కరగడానికి వేడి కావలసినదానికి వేడి ఇస్తే ఇంకా కరుగుతుంది. పెద్దగా అక్కర్లేనిదానికి ఇచ్చినా ఒకటే, ఇవ్వకపోయినా ఒకటే. లె షాటెలియే సూత్రం అంటే ఇంతే. దీనికీ మెలికలున్నాయి, కాస్టిక్ సోడా కరిగేటప్పుడు గ్లాసు పట్టుకోలేనంత వేడి పుట్టిస్తుంది, అయినా వేణ్ణీళ్ళలోనే ఎక్కువ కరుగుతుంది. సున్నమైతే పూర్తిగా ఎదురు, నీళ్ళు వేడెక్కేకొద్దీ తక్కువ కరుగుతుంది. తొమ్మిదో తరగతికి అంత లోతు అక్కర్లేదని కాస్టిక్ సోడా జోలికి పోలేదు.

ఆ తర్వాత వాయువులు. నిజం చెప్పాలంటే ఈ పాఠం నేను చెప్పలేదు, పిల్లలే చెప్పారు. ఎండలో పెట్టిన సోడా మూత తీస్తే ఎందుకు పొంగుతుంది అని మొదలుపెట్టానో లేదో, చేపల చెరువున్న ఇంటి కుర్రాడొకడు లేచాడు. "నీళ్ళు వేడెక్కితే ఆక్సిజన్ తగ్గిపోద్దండి. వేసంగిలో మా నాన్న రాత్రంతా ఏరేటర్లు తిప్పుతాడండి. కరెంటు పోతే డీజిలింజనేనండి. లేపోతే తెల్లారేసరికి చేపలు పైకి తేలిపోతాయండి." ఉష్ణోగ్రత పెరిగితే ద్రావణీయత పెరుగుతుందని ముందురోజు నోటుబుక్కులో అందంగా రాసుకున్నవాడూ వాడే! ఆ రెండు ముక్కలూ ఒకే బుర్రలో చెరో గదిలో కూర్చుని ఉన్నాయి. ఒకదాన్నొకటి ఎప్పుడూ పలకరించుకోలేదు. చెరువు సంగతి సైన్సని వాడికెవరూ చెప్పలేదు కాబోలు.

అంకెలు బోర్డు మీద వేశాను. గాలి తగిలే మంచినీళ్ళు 0 డిగ్రీల దగ్గర లీటరుకి 14.6 మిల్లీగ్రాముల ఆక్సిజన్ పట్టుకోగలవు. 20 దగ్గర 9.1. 30 దగ్గర 7.6. అసలే తక్కువ, వేడెక్కితే ఇంకా తక్కువ. పైగా నీళ్ళు వెచ్చబడితే చేప ఊపిరి కూడా ఎక్కువ పీలుస్తుంది. రాబడి తగ్గి, ఖర్చు పెరిగిన సంసారం.

కథ ఇక్కడితో అయిపోతే బావుండేది. ఆ కుర్రాడు ఊరుకోలేదు. చెరువుల దగ్గర నీటి పరీక్షలు చేసే ఒకాయన్ని బతిమాలి ఆక్సిజన్ మీటరు సంపాదించాడు. తెల్లారుజామున అయిదింటికి ఒకసారి, మధ్యాహ్నం మూడింటికి ఒకసారి వాళ్ళ చెరువులో కొలిచి తెచ్చాడు. అయిదింటికి నీళ్ళు 29 డిగ్రీలు, ఆక్సిజన్ 3.1. మూడింటికి 33 డిగ్రీలు, ఆక్సిజన్ 10.4. "వేడెక్కితే తగ్గాలన్నారండి. మూడు రెట్లు పెరిగిందండి" అన్నాడు. గొంతులో కాస్త భయం. 60 రాసిన కుర్రాడు పక్కనే ఉన్నాడు. "మార్చకుండా తెచ్చావా?" అని అడిగాడు వాణ్ణి, నాకంటే ముందు.

రీడింగు సరైనదే. పాఠమూ సరైనదే. ద్రావణీయత అంటే ఎంత పట్టగలదు అన్న హద్దు. చెరువులో ఇప్పుడు ఎంత ఉంది అన్నది వేరే సంగతి. పగలు నీళ్ళలోని నాచు ఎండకి ఆక్సిజన్ తయారుచేసి లోపల్లోపలే వదులుతుంది. అది గాలిలోకి పోయేలోపు ఇంకా తయారవుతుంది, అందుకే 33 డిగ్రీల దగ్గర హద్దు 7.2 అయినా 10 దాటింది. మొన్న పంచదార దగ్గర చెప్పుకున్న అతిసంతృప్త ద్రావణం లాంటిదే. రాత్రయితే నాచు తయారీ ఆపేస్తుంది, పైగా చేపలతోపాటు అదీ పీల్చడం మొదలెడుతుంది. తెల్లారేసరికి ఖజానా ఖాళీ. మబ్బు పట్టిన మర్నాడు రైతుకి నిద్రుండనిది ఇందుకే. ఈ మాట చెప్పగానే ఆ కుర్రాడు "మా నాన్న మబ్బేస్తే తిడతాడండి" అన్నాడు. మా వాడు కూడా నోటుబుక్కు తీసి ఈ రెండు రీడింగులూ రాసుకున్నాడు.

దసరా తర్వాత పరీక్షలొచ్చాయి. పేపరు బళ్ళో తయారుచేసింది కాదు, పైనుంచి వచ్చింది, జవాబుల కాగితంతో సహా. అందులో ఒక తప్పొప్పుల ప్రశ్న: 'ఉష్ణోగ్రత పెరిగిన ద్రావణీయత పెరుగును'. ఒక మార్కు. కిటికీ పక్కమ్మాయి 'తప్పు' అని రాసింది. ఆమెతోపాటు ఇంకో ఏడుగురు. జవాబుల కాగితంలో 'ఒప్పు' అని ఉంది. మా వాడు మార్కు ఇవ్వలేకపోయాడు. ఇస్తే తనిఖీలో అడుగుతారట. పైవాళ్ళకి ఫోను చేసి చెప్పాడు కూడా. "ఒక్క మార్కే కదా మాస్టారూ" అన్నారట అవతలి నుంచి.

ఒక్క మార్కే. ఉప్పుకి వేడితో లెక్కలేదని స్వయంగా మూడుసార్లు కొలిచిన పిల్లకి, కొలవని వాక్యం రాస్తే వచ్చేది ఆ మార్కు. తర్వాతి శనివారం ఆ అమ్మాయి పేపరు పట్టుకుని వచ్చి సూటిగా అడిగింది: "మళ్ళీ ఇదే వస్తే ఏం రాయాలండి?" నేను చెప్పాను, 'ఒప్పు' అని పెట్టి పక్కన 'చాలా ఘనపదార్థాలకి మాత్రమే, వాయువులకి కాదు' అని చిన్నగా రాయమని. ఆ పిల్ల పేపరు తిప్పి చూపించింది. "ఇక్కడ బ్రాకెట్టే ఉందండి. పక్కన రాయడానికి చోటు లేదండి."

ఇంటికొచ్చాక మా వాడితో చాలాసేపు వాదించాను. పదో తరగతిలో ఈ పిల్లలకి మార్కులు కావాలి, ట్రిపుల్ ఐటీ సీటు ఆ మార్కుల మీదే వస్తుంది, నువ్వు రేపు హైదరాబాదు పోతావు, ఇక్కడ ఉండేది నేను అన్నాడు. అవును. కానీ ఆ పిల్ల రబ్బరు మళ్ళీ తీస్తే? అన్నాను. చాలాసేపు మాట్లాడలేదు. పైపేపరు నా చేతిలో లేదు, బళ్ళో వారం వారం పెట్టే పరీక్ష నా చేతిలో ఉందిరా అన్నాడు చివరికి. తర్వాతి వారం వాడు పెట్టిన స్లిప్ టెస్టులో ఒకటే ప్రశ్న. ఆరు రీడింగుల పట్టిక ఇచ్చి, పేరు చెప్పకుండా, ఇది ఉప్పా, పంచదారా, ఆక్సిజనా, ఎలా చెప్పగలవు అని. నలభై మందిలో ముప్ఫై ఒక్కమంది సరిగ్గా రాశారు. అరవై రాసిన కుర్రాడు జవాబుతోపాటు పట్టికలో నాలుగో రీడింగు మిగతావాటికి అతకడం లేదని, మళ్ళీ కొలవాలని కింద రాశాడు. మా వాడు పట్టిక వేసేటప్పుడు అంకెలు తారుమారుగా రాశాట్ట.

2022 సంక్రాంతి దాటాక కొన్నాళ్ళకి ఆఫీసు రమ్మంది, వచ్చేశాను. తూకం బళ్ళోనే ఉంది. మీలో ఎవరైనా సెలవుకి ఊరెళ్తే, ఊళ్ళో బడి ఉంటే, మాస్టారు ఒప్పుకుంటే, పట్టుకెళ్ళాల్సిన సరుకు పెద్దదేం కాదు: ఒక తూకం, రెండు కిలోల కల్లుప్పు, నాలుగు కిలోల పంచదార, ఎరువుల కొట్లో ఒక ప్యాకెట్. 13-0-45 కలిపిన గ్లాసుల్ని మాత్రం పక్కన పెట్టి, పిల్లలు నోట్లో పెట్టుకోకుండా చూసుకోండి. పంచదార ప్రయోగం భోజనాల బెల్లుకి ముందు పెట్టుకుంటే మంచిది. శుభ్రమైన గ్లాసుల్లో చేసి ఉంటే, మిగిలిన ద్రావణంలో పది రెట్లు నీళ్ళు పోసి నిమ్మకాయలు పిండితే క్లాసుకంతటికీ సరిపోతుంది.